గాలి తప్పు కాదు

మా ఇంట్లో ఒకే జబ్బుకి రెండు పేర్లు. నాయన వాళ్లది బాగేపల్లి పక్క పల్లె, మాట తెలుగు. అమ్మ పుట్టిల్లు చింతామణి తాలూకాలో, వాళ్లింట్లో మాట కన్నడ. అందుకే మా వంటింట్లో కన్నడ నడుస్తుంది, కొట్టంలో తెలుగు నడుస్తుంది. ఆవు చొల్లు కార్చుకుంటా, కాలు కుంటుతా నిలబడితే మా అవ్వ ‘గాలికుంటు’ అంటుంది. అమ్మ ‘కాలుబాయి’ అంటుంది. బాయి అంటే కన్నడలో నోరు.

పోయిన నెల క్లాసులో మేడమ్ మీ ఇంటి మాటలు పది రాసుకురండి అన్నప్పుడు నేను ఈ రెండూ రాసినాను. పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తోచింది. కన్నడ పేరు జబ్బు ఎక్కడ కనబడుతుందో చెబుతుంది. తెలుగు పేరు అది ఎట్ల వచ్చిందో చెబుతుంది. గాలి తెచ్చిందంట. ఆ గాలి మాట మీద నాకు మూడేండ్లుగా ఒక బాకీ ఉంది. అది తీర్చుకోవడానికే ఈ గోడపత్రికకు రాస్తున్నాను.

2013లో నాకు ఏడేండ్లు. ఆ ఏడాది కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో గాలికుంటు గట్టిగా వచ్చింది. మా కొట్టంలో రెండు సీమావులు, ఒక లేగదూడ ఉండేవి. పెద్దావు మేత ముట్టడం మానేసింది. చొల్లు దారాలు దారాలుగా నేలదాకా వేలాడేది. నాలుక మీద పొక్కులు పగిలి తోలు ఊడింది. గిట్టల మధ్య పుండ్లు, వాటిలో పురుగులు. అవ్వ పటిక నీళ్లతో నోరు కడిగి, రాగిగంజి వెదురు గొట్టంతో పోసేది. అమ్మ టార్చి పట్టుకొని నిలబడేది. నేను వాకిట్లో నుంచే చూసేదాన్ని.

ఆవులు రెండూ బతికినాయి. దూడ బతకలేదు. దాని ఒంటిమీద ఒక్క పొక్కు కూడా లేదు. పొద్దున్నే తల్లి దగ్గర పాలు తాగతా తాగతా కింద పడింది, అంతే. ఈ జబ్బు లేగదూడల్లో నేరుగా గుండెనే పట్టుకుంటుందని నాకు చానా ఏండ్ల తర్వాత తెలిసింది. ఆ పొద్దు తెలిసింది అవ్వ చెప్పిన మాటే.

“గాలి తగిలింది పాపా. గాలికి ఎవురు అడ్డం నిలబడగలరు?”

ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాటలో ఒక సుఖం ఉంది. గాలి తెచ్చిందంటే ఎవరూ తేలేదని అర్థం. నాయన తేలేదు, పక్కింటి వాళ్లు తేలేదు. ఎవరి మీదా కోపం లేదు. ఏడ్చి ఊరుకోవచ్చు.

పోయిన సంవత్సరం మన ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు మీకు గుర్తుండే ఉంటుంది. ఒక మధ్యాహ్నం పశువైద్యులు ఒకాయన వచ్చి మాట్లాడినారు. మనలో చానామంది వెనక కూర్చొని ఫోన్లు చూసుకుంటా ఉన్నాం, నేను కూడా. ఆయన గాలికుంటు అనేసరికి తలెత్తినాను. ఈ వైరస్ చొల్లులో ఉంటుంది, పాలలో, పేడలో, ఊపిరిలో ఉంటుంది. పొక్కులు కనబడక ముందే బయటికి వస్తా ఉంటుంది. చెప్పులకి, బండి చక్రాలకి, బకెట్లకి, బట్టలకి అంటుకొని ఇంకో కొట్టానికి పోతుంది. చల్లగా, తేమగా ఉండే చోట గాలిలో కూడా కొంత దూరం పోగలదంట. అంటే మా అవ్వ మాట పూర్తిగా అబద్ధం కాదు. కానీ మా ఊర్లో గాలికన్నా ముందు చెప్పులు నడుస్తాయి.

ఆ రాత్రి క్యాంపులో పడుకొని లెక్క వేసినాను. 2013లో మా కొట్టంలోకి ఎవరెవరు వచ్చిపోయినారు? దూడని బేరం చేయడానికి దళారి వచ్చినాడు. అంతకుముందు నాలుగు ఇండ్లు తిరిగే వచ్చింటాడు. వరిగడ్డి లారీ వచ్చింది. పాలు పోయడానికి నాయన రోజుకి రెండుసార్లు డైరీకి పోయి, అదే చెప్పులతో కొట్టంలోకి వచ్చేవాడు. పక్కింటి ఆవుకి నోరు పుండైందని తెలిస్తే చూసి రావడానికి అవ్వ పోయింది, ఆమె చెంగు పట్టుకొని నేనూ పోయినాను. కష్టంలో ఉన్నోళ్లని చూసి రావడం మర్యాద కదా. ఆ మర్యాదే ఇంటింటికీ జబ్బు మోసిందేమో.

గాలికుంటుకి ఇప్పుడు దారి కొంచెం మూసుకుంది. 2019 నుంచి దేశమంతా ఆరు నెలలకి ఒకసారి ఉచితంగా టీకా వేస్తున్నారు. మీ ఇంట్లో ఆవు చెవికి పసుపు బిళ్ల ఉంటే చూడండి, పన్నెండు అంకెలు ఉంటాయి, మన ఆధార్ మాదిరి.

2022 సంగతి వేరు. దాన్ని నేను చూసి ఊరుకోలేదు. అందులో నాకూ పాలు ఉంది.

ఆ ఏడాది వచ్చింది లంపీ. పేపర్లో ‘లంపీ స్కిన్’ అని రాసినారు, అమ్మ వాళ్ల వైపు ‘చర్మగంటు’ అన్నారు, మా అవ్వ ‘అమ్మోరు పోసింది’ అనింది. అవ్వ మాట ఒక విధంగా సరైనదే, ఎందుకంటే అది మశూచి జాతి వైరసే. గొర్రెలకి, మేకలకి వచ్చే బొబ్బల జబ్బుకి దగ్గరి చుట్టం. అందుకే ఆ రోజుల్లో మేకల బొబ్బలకి వేసే టీకానే ఆవులకీ వేసినారు. మనుషులకి ఇది అంటదు. జ్వరం, కంట్లో ముక్కులో నీళ్లు, పాలు తగ్గడం, ఆ తర్వాత ఒళ్లంతా రెండు నుంచి అయిదు సెంటీమీటర్ల గడ్డలు. చూడి ఆవు అయితే ఈసుకుపోవచ్చు.

దీన్ని మొదట 1929లో ఆఫ్రికాలోని జాంబియాలో చూసినారు. మన దేశంలో మొదట కనబడింది 2019లో, ఒడిశాలో. 2022లో గుజరాత్, రాజస్థాన్‌లో వేలకొద్దీ ఆవులు పోయి, అదే సంవత్సరం మన దాకా వచ్చింది. కుట్టే ఈగలు, దోమలు, పిడుదులు దీన్ని ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకి చేరవేస్తాయి. కానీ ఈగ ఎంత దూరం ఎగురుతుంది? ఒక కొట్టం నుంచి ఇంకో కొట్టానికి ఎగురుతుంది. ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకి దాటించింది ఈగ కాదు, లారీ. మన బాగేపల్లి మీదుగా బెంగళూరు హైదరాబాద్ రోడ్డు పోతుంది, చింతామణి నుంచి మదనపల్లి దారి ఉంది. ఈ పక్క పశువులు ఆ పక్కకి, ఆ పక్క పశువులు ఈ పక్కకి పోతానే ఉంటాయి. ఆవు ఒంట్లో వైరస్ చేరినాక గడ్డలు కనబడడానికి వారం నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ నాలుగు వారాల్లో ఒక ఆవు ఎన్ని సంతలు చూడగలదు!

అట్ల చూసిన ఆవు ఒకటి మా ఇంటికి వచ్చింది.

నేను అప్పుడు ఫస్ట్ పీయూసీ. నాయన అప్పు చేసి ఒక సంతలో దాన్ని కొన్నాడు. మంచి ఆవు, ధర మాత్రం కొంచెం తక్కువ. ఎందుకు తక్కువ అని అమ్మ అడిగింది. “అమ్మేవాడికి అవసరం” అన్నాడు నాయన. పది దినాలకి దానికి జ్వరం వచ్చింది. ఇంకో రెండు దినాలకి మెడ మీద, పొదుగు మీద గడ్డలు లేచినాయి. ఆవుకి అవ్వ లచ్చిమి అని పేరు కూడా పెట్టేసింది అప్పటికే.

నాయన ఆ రాత్రి దాన్ని పెరట్లోని పాత పురుగుల మనెలోకి మార్చినాడు. పట్టుపురుగులు మేపడం మేము మానేసి రెండేండ్లు అయింది, అది ఖాళీగా ఉండేది. తలుపు వేసినాడు. అవ్వ వేపాకు, పసుపు నూరి పూసింది, సాయంత్రం వేపాకు పొగ వేసింది, కైవారం తాతయ్యకి ముడుపు కట్టింది. నేను కాలేజీకి పోతా ఉంటే అవ్వ చెయ్యి పట్టుకుంది.

“ఎవురికీ చెప్పొద్దు పాపా.”

అమ్మ వంటింట్లో నుంచి అదే మాట తన భాషలో అనింది. “యారిగూ హేళ్బేడ.”

మా ఇంట్లో రెండు భాషలు ఒక్క మాట మీద అంత గట్టిగా కలిసింది నేను ఎప్పుడూ వినలేదు.

వాళ్ల భయం నాకు అర్థమయింది. ఊర్లో తెలిస్తే పాలు పోయించుకోరేమో. మిగిలిన రెండు ఆవుల్ని ఎవరూ కొనరు. అప్పు కట్టాల. మూడు దినాల తర్వాత పశువుల ఆస్పత్రి నుంచి ఒకాయన పుస్తకం పట్టుకొని ఊర్లోకి వచ్చినాడు. ఎవరి ఇంట్లో అయినా జ్వరం, గడ్డలు ఉన్నాయా అని ఇంటింటికీ అడిగినాడు. మా వాకిట్లో ఆయనకి నీళ్లు ఇచ్చింది నేనే. నాయన “అన్నీ బాగుండాయి సార్” అన్నాడు. ఆయన నన్ను కూడా చూసినాడు. నేను చెంబు తీసుకొని లోపలికి వచ్చేసినాను.

ఆ ఒక్క అబద్ధంతో ఏమయిందో క్యాంపులో డాక్టరు చెప్పినప్పుడు గానీ నాకు తెలియలేదు. లంపీ కనబడిన ఊరి చుట్టూ అయిదు కిలోమీటర్ల లోపల ఆరోగ్యంగా ఉన్న పశువులకి ముందు టీకా వేస్తారు. చుట్టూ గట్టు కట్టినట్టు. జబ్బు పడిన దానికి వేయరు, దాని పక్కనున్న వాటికి వేస్తారు. గట్టు ఎక్కడ కట్టాలో తెలియాలంటే జబ్బు ఎక్కడుందో ఎవరో ఒకరు చెప్పాల. మేము చెప్పలేదు. ఆ పుస్తకంలో మా ఊరు బాగున్న ఊరు అయిపోయింది.

మా పెరటి గోడకి అవతల పెద్దమ్మ ఇల్లు. మొగుడు లేడు, కొడుకు బెంగళూర్లో పని. ఆమెకి ఒకటే ఆవు, ఆరు నెలల చూడి. ఆ ఆవు పాల డబ్బులతోనే ఆమె బియ్యం, మందులు. మా గోడ మనుషులకి గోడ గానీ ఈగలకి గోడ కాదు కదా. మూడు వారాలు తిరక్కముందే దానికి గడ్డలు లేచినాయి. ఈసుకుపోయింది. తర్వాత కాళ్లు వాచి లేవలేకపోయింది. చచ్చిపోయిన రాత్రే నలుగురు చేరి చెరువు పక్కన గుంత తీసి పూడ్చినారు. పెద్దమ్మ మా అవ్వని పట్టుకొని ఏడ్చింది.

“ఏ గాలి తగిలిందో గదక్కా!”

అవ్వ ఏమీ అనలేదు. నేను పక్కనే నీళ్ల బిందె పట్టుకొని నిలబడినాను. నేనూ ఏమీ అనలేదు.

ఆ ఏడాది లంపీతో పోయిన ఆవుకి 20 వేలు, ఎద్దుకి 30 వేలు, దూడకి 5 వేలు ఇస్తామని మన ప్రభుత్వం ప్రకటించింది. డాక్టరు చూసి రాసిస్తేనే ఆ డబ్బు. పెద్దమ్మ ఆవుని ఎవరూ చూడలేదు, అప్పటికే మట్టిలో ఉంది. మా లచ్చిమి మాత్రం బతికింది. ఒళ్లంతా మచ్చలు, పాలు సగానికి సగం తగ్గినాయి, అయినా బతికింది. ఇప్పటికీ మా కొట్టంలోనే ఉంది.

మీరు అడగొచ్చు, ఆ ఆవుకి మీ ఆవు నుంచే వచ్చిందని ఏం గ్యారంటీ అని. ఏమీ లేదు. ఆ కాలంలో తాలూకా అంతా ఉంది, ఎట్లయినా వచ్చేదేమో. టీకా వేసినా రక్షణ రావడానికి రెండు మూడు వారాలు పడుతుందంట, ఆ లోపలే వచ్చేదేమో. ఇవన్నీ నాకు నేను చానాసార్లు చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ అది ‘గాలి’ అన్న మాట మాదిరే వినబడింది.

ఒక సంగతి నాకు ఇప్పటికీ విచిత్రంగా ఉంటుంది. మనది పట్టు జిల్లా. మనలో సగం మంది ఇండ్లలో పురుగులు మేపినవాళ్లే. పురుగుల మనెలోకి కాళ్లు కడుక్కోకుండా పోతే మీ అవ్వ ఊరుకుంటుందా? వాకిట్లో సున్నం, బ్లీచింగ్ పౌడరు చల్లుతారు. బయటి మనిషిని లోపలికి రానీయరు. హాలు రోగం వచ్చిన పురుగుని ఏరి దూరంగా పారేస్తారు, తట్టలన్నీ కడిగి ఎండబెడతారు. వేలెడంత పురుగుకి జబ్బు ఎట్ల అంటుతుందో మన ఇండ్లలో చదువు రాని ముసలామెకి కూడా తెలుసు. అదే ఇంట్లో, పది అడుగుల దూరంలో, అదే చెప్పులతో కొట్టంలోకి పోతాం. మా నాయన జబ్బు ఆవుని దాచింది పురుగుల మనెలోనే. జాగ్రత్త నేర్పిన గదిలోనే అబద్ధాన్ని కట్టేసినాము.

ఇంకొకటి. అవ్వ చిన్నప్పుడు ‘పెద్దరోగం’ వచ్చేదంట. అమ్మ వాళ్లూ దాన్ని ‘దొడ్డరోగ’ అనే అంటారు. రెండు భాషల్లోనూ పెద్దదే. అది వస్తే ఊరి మొదట్లో వేపమండల తోరణం కట్టి, అమ్మోరికి పూజ అయ్యేదాకా ఊర్లోకి పశువు రాకూడదు, ఊరు దాటి పోకూడదు అని కట్టడి చేసేవాళ్లంట. భక్తితో చేసినా భయంతో చేసినా, చేసింది మాత్రం దారి మూయడమే. ఆ తోరణం కట్టాలంటే ముందు ‘మా కొట్టంలో వచ్చింది’ అని ఒక ఇల్లు బయటికి చెప్పాల. ఆ పెద్దరోగం ఇప్పుడు లోకంలోనే లేదు. 2011లో పూర్తిగా పోయిందని ప్రకటించినారు. మనుషుల మశూచి తర్వాత భూమి మీద లేకుండా చేసిన రెండో జబ్బు అదే. టీకా వల్ల పోయింది, నిజమే. అయితే ఆఖరి ఆవు ఎక్కడుందో ఊరూరా తిరిగి అడిగితే, ఎవరో ఒకరు నిజం చెప్పబట్టే కదా పోయింది.

లంపీకి కూడా ఇప్పుడు సొంత టీకా వచ్చింది. మన పక్క జిల్లా కోలారులో, మాలూరులో ఉన్న ఒక కంపెనీ తయారు చేసిన టీకాకి 2025 ఫిబ్రవరిలో అనుమతి దొరికింది. పేపర్లో అది చదివినప్పుడు సంతోషమూ అయింది, కడుపులో ఏదో తిప్పినట్టూ అయింది. టీకా ఎంత దగ్గర్లో తయారైనా, మా వాకిట్లో అబద్ధం చెబితే లోపలికి ఎట్ల వస్తుంది?

ఈ సారి సెలవుల్లో పోయినప్పుడు పెద్దమ్మ ఇంటికి పోయినాను. ఆమె అరుగు మీద అలసందలు ఒలుస్తా ఉంది. నేనూ కూర్చొని ఒలిచినాను. చేట సగం నిండినాక చెప్పినాను. లచ్చిమి సంగతి, పురుగుల మనె సంగతి, పుస్తకం పట్టుకొచ్చిన ఆయన సంగతి, అన్నీ. ఆమె చెయ్యి ఆపలేదు.

“నాకు తెల్సు పాపా. ఆ మూల నుంచి దినామూ వేపాకు పొగ వస్తా ఉండె గదా.”

“మరి ఎందుకు అడగలేదు పెద్దమ్మా?”

ఆమె చానాసేపు మాట్లాడలేదు. తర్వాత చేట పక్కన పెట్టింది.

“అడిగితే నన్నూ అడుగుతారు. నా ఆవుకి జ్వరం వచ్చి నాలుగు దినాలు ఎవురికీ చెప్పలా నేను. అట్లనే పాలు పోస్తి. అందరి ఆవులూ తాగే తొట్టి కాడికే తోలుకొని పోతి. నా తర్వాత కింది వీధిలో మూడు ఇండ్లకి వచ్చింది.”

నేను ఆమె క్షమిస్తుందని గానీ తిడుతుందని గానీ అనుకొని పోయినాను. ఈ మాట అనుకోలేదు. మా ఇల్లు దాచింది, మాకు అమ్మినవాడు దాచినాడు, ఆమె దాచింది, ఆమె తర్వాత కింది వీధి వాళ్లూ దాచే ఉంటారు. ఈగలు ఒక కొట్టం నుంచి ఇంకో కొట్టానికి పోయినట్టే, ‘ఎవురికీ చెప్పొద్దు’ అన్న మాట కూడా ఇంటి నుంచి ఇంటికి పోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో నాయనకి చెప్పినాను, పెద్దమ్మకి అంతా చెప్పేసినానని. నాయన చెయ్యి కడుక్కొని అన్నం ముందు నుంచి లేచిపోయినాడు. రెండు దినాలు నాతో మాట్లాడలేదు. మూడో దినం పొద్దున చూస్తే, కొట్టం గోడ మీద బొగ్గుతో పెద్దగా 1962 అని రాసి ఉంది. పశువుల అంబులెన్సు నంబరు. రాసింది నాయనే, ఆ ఒకటి అంకె ఆయన రాసే తీరు నాకు తెలుసు.

పోయిన నెల మా ఇంటికి ఇంకొక ఆవు వచ్చింది. నాయన దాన్ని కొట్టంలోకి తేలేదు. పురుగుల మనెలో కట్టినాడు, ఈ సారి తలుపు తెరిచి పెట్టి. నాలుగు వారాలు అక్కడే. దానికి వేరే బకెట్, వేరే గంప. ముందు కొట్టంలో పని అయినాకే దాని దగ్గరికి పోవాల. వాకిట్లో సున్నం. అవ్వ ఫోన్లో గొణుగుతా ఉంది. “కొత్త కోడలికి కూడా ఇంత కట్టడి లేదే!” అమ్మ వెనక నుంచి కన్నడలో నవ్వింది. పెద్దమ్మ చూడ్డానికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే కాళ్లు కడుక్కొని గడప బయటే నిలబడిందంట.

ఇది రాసే ముందు పెద్దమ్మని అడిగినాను, గోడ మీద అతికిస్తారు, అందరూ చదువుతారు అని. “ఊరి పేరు రాయొద్దు. మిగిలింది రాయి” అనింది. అందుకే ఊరి పేరు రాయలేదు. మన హాస్టల్లో, మన బస్సుల్లో పల్లెల నుంచి వచ్చేవాళ్లం ఎంతమందిమి ఉన్నాం, మీ ఊరి పేరు అక్కడ పెట్టుకొని చదివినా సరిపోతుంది.

మేడమ్‌కి ఇచ్చిన పది మాటల్లో ‘గాలికుంటు’ ఎదురుగా అర్థం రాయాల్సిన చోటు అప్పుడు ఖాళీగా వదిలేసినాను. ఇప్పుడు నింపినాను: కాళ్లకి, నోటికి వచ్చే జబ్బు, గాలి మీద నింద వేసి పెట్టిన పేరు.